ఋతువార్త: ఉరుము తరువాతి ఎండ

ఈ సంచిక మీ చేతికి అందేసరికి భరణి కార్తె వెళ్ళి కృత్తిక కార్తె వచ్చి ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటగానే వాయవ్యపు మూల నల్లబడడం, మేడమీది బట్టలు తీయండర్రా అని ఇంటి పెద్దావిడ కేక వేయడం, పిల్లలు వడియాల బట్టను నాలుగు కొసలా పట్టుకొని మెట్లు దిగడం, ఇవన్నీ బరంపురంలో మన ఇళ్ళలో ఈ రోజులలో మామూలు సంగతులే. అంతలో దుమ్ము లేస్తుంది. తలుపులు టపటప కొట్టుకుంటాయి. కరెంటు పోతుంది. ఆ వెనుక పెద్ద పెద్ద చినుకులు. అరగంటలో అంతా ముగిసి, జనం వీధి అరుగులమీదికి వచ్చి కూర్చుని "హమ్మయ్య" అంటారు.

ఆ "హమ్మయ్య" అన్న మాటను గురించే ఈ నెల మేము నాలుగు ముక్కలు వ్రాయదలచినాము. నిరుడు ఇదే రోజులలో ఆ మాట అనుకొని మేము నిశ్చింతగా కూర్చున్నాము. దానివల్ల ఒక పెద్దాయన ప్రాణంమీదికి వచ్చింది. తప్పు ఆయనది కాదు, వాతావరణ శాఖవారిది కాదు, మాది. పత్రికాముఖంగా ఆ మాట ఒప్పుకొనడం వల్ల మరొక ఇంట అటువంటిది జరగకుండా ఉంటే అదే చాలు.

నిరుడు వైశాఖంలో మన సంఘ సభ్యులలో ఒకరి ఇంట అమ్మాయి పెళ్ళి జరిగింది. విడిది, భోజనాలు, పందిరి పనులు సంఘం తరఫున మేమే చూశాము. పెళ్ళినాటి ఉదయం మాలో ఒకరు ఫోనులో వాతావరణ సూచన చదివి వినిపించారు. అందులో రెండు వాక్యాలు ఉన్నాయి. మొదటిది: సాయంకాలం ఉరుములు మెరుపులతో వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలి వచ్చే అవకాశమున్నది. రెండవది: పగటి ఉష్ణోగ్రతలలో రేపటివరకు చెప్పుకోదగిన మార్పు ఉండదు, ఆ తరువాత మూడు రోజులలో 3 నుంచి 5 డిగ్రీలు పెరుగును.

మొదటి వాక్యం వినగానే అందరము లేచాము. పందిరి గుంజలకు అదనంగా తాళ్ళు బిగించినాము. పైనున్న రేకులు రెండు దింపించినాము. బియ్యం బస్తాలు, కట్టెలు లోపల పెట్టించినాము. దీపాల తీగెలు నేలమీద లేకుండా ఎత్తి కట్టించినాము. అనుకున్నట్టే అయిదు గంటలకు గాలివాన వచ్చింది. పందిరి గుడ్డ ఒక వైపు చిరిగిందేగాని మనిషికి గోరంత దెబ్బ తగలలేదు. రాత్రి లగ్నానికి చల్లగా గాలి వీస్తూ ఉంటే మగపెళ్ళివారు కూడా మెచ్చుకున్నారు. మేమెంత ముందుచూపు గలవాళ్ళమో అని మాకు మేమే మురిసిపోయాము.

రెండవ వాక్యం మాకెవరికీ మళ్ళీ గుర్తు రాలేదు.

నాలుగవనాడు సత్యనారాయణ వ్రతం, నూటయాభై మందికి భోజనాలు. వంట సంఘం హాలు వెనుకనున్న రేకుల షెడ్డులో. వంటాయనకు అరవై దాటాయి. మన ఇళ్ళలో ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతి పులిహోర తినని పెళ్ళి లేదు. తెల్లవారుజామున నాలుగింటినుంచి మూడు పెద్ద గ్యాసుపొయ్యిల ముందు నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, రెండవ పంక్తి వడ్డన సగంలో ఉండగా, ఆయన బయటికి వచ్చి "బాబూ, పప్పు ఇంకా దించలేదేమి?" అని అడిగారు. పప్పు వడ్డించి గంట దాటింది. ఎవరో నవ్వారు. "తాతగారు అలసిపోయారు, కాస్త కాఫీ ఇవ్వండి" అన్నారు ఇంకొకరు. ఆయన గోడ పట్టుకొని, తన ఊరి పేరేదో అని, అక్కడే కూలబడ్డారు.

పంక్తిలో కూర్చున్న ఒక అమ్మాయి నర్సు చదువు చదువుతున్నది. విస్తరి ముందునుంచి లేచి వచ్చి నుదుటిమీద చేయి వేసి చూసింది. ఒళ్ళు కాలిపోతున్నది. "మామయ్యగారూ, ఇది అలసట కాదు, వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకండి" అని కాఫీ గ్లాసు పక్కన పెట్టించి, ఆయనను లోపలి వరండాలోకి మోయించింది. చొక్కా తీయించి, బిందెలతో నీళ్ళు ఒంటిమీద పోయించి, రెండు ఫ్యానులు తెచ్చి పెట్టించింది. ఈలోగా 108కి ఫోను చేశారు. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నారు. బ్రతికి బయటపడ్డారు. ఆ అమ్మాయి ఆ పూట భోజనానికి రాకపోయి ఉంటే ఏమయ్యేదో వ్రాయడానికి మాకు చేయి రావడం లేదు.

ఆ రాత్రి మాలో ఒకరు ఫోనులో ఆ పాత సూచన తీసి మళ్ళీ చదివారు. రెండవ వాక్యం అక్కడే ఉన్నది. పందిరి కోసం చదివినవాళ్ళము మనిషి కోసం చదవలేదు.

సరే, జరిగినది చెప్పుకున్నాము. ఇప్పుడు ఈ గాలివాన ఎక్కడినుంచి వస్తుందో, దాని వెనుక ఎండ ఎందుకు వస్తుందో కొంచెం తెలుసుకుందాము. తెలిస్తే ఆ రెండు వాక్యాలనూ కలిపి చదవడం అలవాటవుతుంది.

మన ఒడియా ఇరుగుపొరుగువారు దీనిని కాలబైశాఖి అంటారు. వైశాఖంలో కాలుడిలా వచ్చిపడేది అని అర్థం. వాయవ్య దిక్కునుంచి వస్తుంది గనుక ఇంగ్లీషువారు నార్వెస్టర్ అన్నారు. వేసవిలో బంగాళాఖాతంమీదినుంచి తేమ నిండిన గాలి దక్షిణంగా వచ్చి తీరపు నేలమీద పరచుకుంటుంది. దానికి పైన, లోతట్టునుంచి వచ్చే వేడి పొడిగాలి మూత వేసినట్టు ఉంటుంది. పొద్దుటినుంచి నేల కాగి కాగి, మధ్యాహ్నానికి కింది తేమగాలి ఆ మూతను పగులగొట్టుకొని పైకి లేస్తుంది. ఛోటానాగపూర్ పీఠభూమివైపు ఇలా లేచిన మబ్బులు బారులుతీరి తీరంవైపు కదలి వస్తాయి. మన తూర్పు కనుమలమీద కూడా మబ్బులు పుట్టి గంజాం మైదానంలోకి దిగుతాయి.

ఈ మబ్బు మామూలు మబ్బు కాదు. దీని అడుగు ఒక కిలోమీటరు ఎత్తున ఉంటే, తల 12 కిలోమీటర్లకు పైన ఉంటుంది. అంత ఎత్తున గడ్డకట్టే చలి. అక్కడ మంచురవ్వలు, చిన్న వడగండ్లు ఒకదానికొకటి రాచుకొని విద్యుత్తు పుడుతుంది. అదే మెరుపు, అదే పిడుగు. మెరుపు నడిచే దారి ఒక్క క్షణంపాటు దాదాపు 30,000 డిగ్రీలు వేడెక్కుతుంది. సూర్యుని పైపొర వేడికి అది అయిదురెట్లు. ఆ వేడికి గాలి పటాలున వ్యాకోచించడమే ఉరుము.

వాన చినుకులు పడుతూ పడుతూ దారిలో కొంత ఆవిరి అవుతాయి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలినుంచే తీసుకుంటాయి. అందువల్ల ఆ గాలి చల్లబడి, బరువెక్కి, బండరాయిలా కిందికి పడి, నేలకు తగిలి నాలుగు వైపులా పారుతుంది. వానకు ముందు వచ్చే దుమ్ముగాలి అదే. అరగంటలో ఎండ పది డిగ్రీలవరకు తగ్గినట్టు అనిపించడానికి కారణమూ అదే. అంటే ఆ చల్లదనం ఋతువు మారి వచ్చినది కాదు. పైనుంచి అప్పు తెచ్చుకున్నది. మబ్బు కరగిపోగానే అప్పు తీరిపోతుంది.

మర్నాడు ఆకాశం కడిగినట్టు ఉంటుంది. దుమ్ము లేదు, మబ్బు లేదు. ఎండకు అడ్డమేమీ లేదు. పడమటి గాలి మళ్ళీ మొదలై లోతట్టు వేడిని తెస్తుంది. తిత్లాగఢ్, బొలాంగీర్ వైపు కాగిన గాలి కనుమలు దిగి వస్తుంది. నేలలో, కాలువలలో నిన్నటి వాననీరు ఉన్నది గనుక అది ఆవిరై గాలిలో కలుస్తుంది. దానికి తోడు సాయంత్రం సముద్రపు గాలి తెచ్చే తేమ. ఇలా రెండవనాటికి, మూడవనాటికి ఎండా ఉక్కా రెండూ కలిసి మనమీదికి వస్తాయి. ప్రతి వాన వెనుకా ఇలాగే జరుగుతుందని కాదు. కొన్నాళ్ళు వరుసగా వానలు పడి చల్లగా ఉండడమూ కద్దు. ఏది జరగబోతున్నదో చెప్పేదే ఆ రెండవ వాక్యం.

ఇక్కడ ఒక సంగతి మన తీరపువాళ్ళము బాగా గుర్తుంచుకోవాలి. ఎండ అంటే డిగ్రీల లెక్క ఒక్కటే చూస్తాము. "మనకేం, సంబల్‌పూర్‌లో 43, మన దగ్గర 36 గదా" అని తృప్తిపడతాము. కాని ఒంటిని చల్లబరచేది చెమట కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుందేగాని ఆరదు. అమెరికావారు డిగ్రీలనూ తేమనూ కలిపి ఒంటికి తోచే వేడిని లెక్కకట్టే పట్టిక ఒకటి చేశారు. దాని ప్రకారం 40 డిగ్రీల ఎండలో 20 శాతం తేమ ఉంటే ఒంటికి సుమారు 39, 40 గానే తోస్తుంది. 32 డిగ్రీలే ఉండి 75 శాతం తేమ ఉంటే సుమారు 43 లాగా తోస్తుంది. ఈ లెక్క నీడలో కూర్చున్నవారికి. ఎండలోనో పొయ్యి ముందో నిలబడినవారి సంగతి చెప్పనక్కరలేదు.

వాతావరణ శాఖవారికి ఈ సంగతి తెలుసు గనుకనే వడగాలి అనడానికి మైదానాలకొక కొలత, తీరానికొక కొలత పెట్టుకున్నారు. మైదానంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, ఆ రోజుకు ఉండవలసినదానికంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. తీరంలో 37 డిగ్రీలకే, అంత తేడా ఉంటే, వడగాలి అంటారు. 45 చేరితే మైదానంలో తేడాతో పని లేదు, వడగాలే. ఈ కొలతలకు అందకపోయినా ఉక్కవల్ల ప్రమాదం ఉండనే ఉంటుంది. అందుకే సూచనలో "వేడి, తేమతో కూడిన అసౌకర్య వాతావరణం" అని వేరుగా ఒక మాట వ్రాస్తారు. ఆ మాట మన బరంపురం, గోపాలపురం, ఛత్రపురం వారికోసమే వ్రాసినదని అనుకోండి. విశాఖ, కాకినాడ, యానాం వారికీ అంతే.

రంగుల సంగతి కూడా చెప్పుకుందాము. ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేదు. పసుపు అయితే కనిపెట్టుకొని ఉండండి. నారింజ అయితే సిద్ధంగా ఉండండి. ఎరుపు అయితే వెంటనే జాగ్రత్త పడండి. ఇది కాక పిడుగులకు మూడు గంటలు చెల్లే తక్షణ సూచన వస్తుంది. మన పక్కన గోపాలపురంలోనే డాప్లరు రాడారు ఉన్నది. మబ్బు ఎక్కడ పుట్టి ఎటు నడుస్తున్నదో అది చూపుతుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారు చేసిన "దామిని" అన్నది ఫోనులో పెట్టుకుంటే దగ్గరలో పిడుగులు పడుతున్నప్పుడు తెలియజేస్తుంది. ఇక ప్రతి గురువారం రాబోయే వారాల పోకడ చెప్పే దీర్ఘ సూచన వస్తుంది. పెళ్ళి ముహూర్తం మార్చలేకపోయినా భోజనాల వేళ మార్చుకోవడానికి అది పనికివస్తుంది.

ఇన్ని ఉన్నా వడగాలి వార్తను మనము వార్తగా తీసుకోము. తుఫాను సంగతి అలా కాదు. 1999 అక్టోబరులో వచ్చిన పెనుతుఫానుకు ఈ రాష్ట్రంలో దాదాపు పదివేలమంది పోయారు. ఆ తరువాత అందరికీ బుద్ధి వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ముందుగా లక్షలాదిమందిని తీరంనుంచి లోపలికి తరలించారు. ఇళ్ళు పోయాయి, చెట్లు పోయాయి, జీడిమామిడి తోటలు పోయాయి. ప్రాణనష్టం మాత్రం 1999తో పోల్చడానికి లేదు. ఆ రాత్రి మన సంఘం హాలులో ఎందరు తలదాచుకున్నారో పాఠకులలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. సూచనను నమ్మి కదిలితే ప్రాణాలు నిలుస్తాయని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే మనము, 1998 వేసవిని మరచిపోయాము. ఆ ఏడు వడదెబ్బకు ఒరిస్సాలో రెండువేలమందికి పైగా చనిపోయారు. సముద్రం దగ్గరి జిల్లాలు కూడా తప్పించుకోలేదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో కలిపి పదిహేనువందలమందికి పైగా పోయారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టరికాలున్న మనకు ఆ వార్తలు ఉత్తరాలలోను ఫోనులలోను తెలిసినవే. తుఫానుకు శబ్దముంటుంది. ఎగిరిపోయిన కప్పు కంటికి కనిపిస్తుంది. ఎండ చప్పుడు చేయదు. ఒక ముసలాయన మధ్యాహ్నం పడుకొని లేవకపోతే "పెద్దవారు, పోయారు" అని ఊరుకుంటాము.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాము. ముందు పిడుగు. దేశంలో ఏటా రెండువేలమందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది పొలాలలో పనిచేసేవారు. 2015లో ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును రాష్ట్రానికి ప్రత్యేకమైన విపత్తుగా గుర్తించింది. పిడుగును తమమీదికి తీసుకుంటాయని ఇటీవల ఊళ్ళలో తాటిచెట్లు నాటిస్తున్నారు. తాటిచెట్టును పొలంగట్టున ఉండనిచ్చిన మన పూర్వులు దీనికి సంతోషిస్తారు. కాని ఆ చెట్టు కింద మాత్రం నిలబడకూడదు. ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలచుకోవడం మన ఇళ్ళలో ఆచారం. తలచుకోండి, తలచుకుంటూ లోపలికి నడవండి.

మెరుపు కనిపించినప్పటినుంచి ఉరుము వినిపించేవరకు లెక్కపెట్టండి. మూడు అంకెలకు ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై లోపల వినబడితే పిడుగు మీకు అందేంత దూరంలోనే ఉన్నది. చెరువులో ఉంటే బయటికి రండి. గోడలున్న ఇంట్లోకి వెళ్ళండి. చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంటవరకు బయటికి రావద్దు. ఇనుప గుంజల పందిరి ఇల్లు కాదు. దాని తాళ్ళు పట్టుకొని నిలబడమని పనివారికి ఎవరూ చెప్పవద్దు. గుడ్డ చిరిగితే మళ్ళీ కుట్టించుకోవచ్చు. పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాకు కొడుతుందన్న భయం ఒట్టిది. వారి ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. ఊపిరి ఆడకపోతే, గుండె కొట్టుకోకపోతే, ఛాతీ నొక్కడం తెలిసినవారు వెంటనే మొదలుపెట్టాలి.

ఇక ఎండ. వాన వెలిసిన రోజునే మళ్ళీ ఒకసారి సూచన చదవండి. అందులో మూడు సంగతులు చూడండి: పగటి వేడి ఎంత పెరుగుతుంది, రాత్రి వేడి ఎంత తగ్గుతుంది, తేమ ఎంత. రాత్రి చల్లబడకపోతే పగలు దెబ్బతిన్న ఒళ్ళు కోలుకోదు. వరుసగా రెండు మూడు రాత్రులు అలా గడిస్తే పెద్దవారికి ప్రమాదం. వానకు భయపడి మూసిన కిటికీలు మర్నాడు సాయంత్రం తెరవడం మరచిపోకండి. రేకుల కప్పు కింద, మేడమీది చివరి గదిలో ఉండే ముసలివారిని ఆ నాలుగు రోజులు కిందికి తెచ్చి పడుకోబెట్టండి.

బెంగుళూరునుంచి, పుణేనుంచి సెలవులకు వచ్చే మన పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఎండకు ఒళ్ళు అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. దిగిన మర్నాడే మధ్యాహ్నం బజారుకు, గోపాలపురం ఇసుకలోకి తీసుకువెళ్ళకండి. "మేము ఇక్కడ పుట్టినవాళ్ళమే గదా" అని వారంటారు. పుట్టినమాట నిజమే, ఒళ్ళు మాత్రం మరచిపోయి ఉంటుంది.

తాగవలసినవి మన ఇళ్ళలోనే ఉన్నాయి. శ్రీరామనవమినాటి పానకం, మజ్జిగ, తరవాణి. మన ఒడియా సోదరుల ఇళ్ళలో పఖాళ, పణా సంక్రాంతికి చేసే మారేడుపండు పానీయం. ఇవన్నీ ఈ దేశపు ఎండ నేర్పిన వంటలే. చెమట ఎక్కువగా పోయినవారికి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి ఇవ్వవచ్చు. ఉప్పు ఎక్కువ వేయకూడదు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉండి, నీళ్ళు ఉప్పు కొలతగా తీసుకొనేవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి.

అలసటకూ వడదెబ్బకూ తేడా తెలియాలి. తలనొప్పి, నీరసం, విపరీతమైన చెమట, వాంతి వచ్చినట్టుండడం అలసట. నీడకు తెచ్చి, నీళ్ళిచ్చి, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది. మాట తడబడడం, వేళ తెలియకపోవడం, మనుషులను గుర్తుపట్టకపోవడం, ఒళ్ళు కాలిపోవడం వడదెబ్బ. పనిచేస్తున్నవారికి ఒంటిమీద చెమట ఉండగానే కూడా వడదెబ్బ తగులుతుంది. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేసి, అది వచ్చేలోగా ఒంటిమీద చన్నీళ్ళు పోస్తూ, విసరుతూ ఉండాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు వేయాలి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్ళు పోయకూడదు. "పప్పు ఇంకా దించలేదేమి" అన్న మాటకు నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాము గనుక ఈ తేడా ఇంత విప్పి వ్రాస్తున్నాము.

మన ఇళ్ళలో శుభకార్యాలన్నీ ఈ రెండు నెలలలోనే ముడిపడి ఉన్నాయి. ముహూర్తాలు మార్చమని మేము చెప్పడం లేదు. కాని ఆ శుభకార్యాలు ఎవరి చేతులమీదుగా జరుగుతున్నాయో ఒకసారి చూడండి. వంటవారు, గిన్నెలు తోమే అమ్మలు, పందిరి కట్టేవారు, సన్నాయివారు, వీధిలో బరువులు మోసే కుర్రవాళ్ళు. మనము లోపల ఫ్యాను కింద కూర్చుని పట్టుచీర బరువుగా ఉన్నదని విసుక్కుంటాము. పొయ్యి ముందున్నవారికి బయటి 36కు ఎంత కలుస్తుందో మనము ఎన్నడూ కొలవలేదు. సూచన వారికి ఎవరూ చదివి వినిపించరు. వారు పని మానరు. మానితే ఆ రోజు కూలి పోతుంది. అందుచేత మాట చెప్పవలసినది పని చెప్పేవారే.

ఈ ఏడు మన సంఘం హాలులో ఈ కింది పద్ధతులు పెట్టుకున్నాము. వెనుక షెడ్డు రేకులమీద కొబ్బరాకులు, గడ్డి కప్పించి, రెండు పక్కల గోడలకు కిటికీలు తీయించినాము. గాలి బయటికి లాగే ఫ్యానులు రెండు పెట్టించినాము. పసుపు రంగు సూచన ఉన్న రోజున వంట ఉదయం పదకొండులోగా ముగియాలి. నారింజ, ఎరుపు రంగులు ఉన్నరోజున మధ్యాహ్నపు విందు లేదు, రాత్రికే. మొదటి పంక్తి లేవగానే వంటవారు, వడ్డనవారు కూర్చుని భోంచేస్తారు, చివరి పంక్తి అయ్యేదాకా ఆగనక్కరలేదు. ఈ ఆఖరి షరతుకు కొందరు పెద్దలు మొదట ముఖం చిట్లించారు. వాదించడానికి మాకు ఓపిక లేక నిరుటి సంగతి ఒకసారి గుర్తుచేశాము.

దీనితోపాటు ప్రతి వీధికి ఒకరు చొప్పున, ఒంటరిగా ఉన్న పెద్దవారి పట్టీ తయారుచేశాము. వాన పడిన మర్నాటినుంచి నాలుగు రోజులు, రోజూ మధ్యాహ్నం రెండింటికి, వారికి ఒక ఫోను చేయాలి. ఎత్తకపోతే వెళ్ళి తలుపు తట్టాలి. అంతే పని. వైశాఖంలో నీళ్ళకుండ దానం ఇవ్వడం మన ఆచారం. హాలు ముందు చలివేంద్రం ఎలాగూ ఉన్నది. కాని మంచం దిగలేనివారు చలివేంద్రం దగ్గరికి రాలేరు గదా. కుండ వారి దగ్గరికి వెళ్ళాలి.

మా వంటాయన ఇప్పుడు కులాసాగా ఉన్నారు. పొయ్యి దగ్గర నిలబడవద్దని డాక్టరుగారు చెప్పారు. మొన్న ఉగాదికి హాలులో కుర్చీ వేసుకొని కూర్చుని, ఇద్దరు కుర్రవాళ్ళకు పులిహోర పోపు ఎలా వేయాలో చెప్పి చేయించారు. బాగానే కుదిరింది. "మీ చేతిదానిలా లేదు తాతగారూ" అని మాలో ఒకరు అన్నారు. "ఉండదు బాబూ. చింతపండు రెండు రెబ్బలు తక్కువైంది" అన్నారు ఆయన. నిరుటి సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఎత్తి ఉండవలసినది మేమే. ఆ మాట ఆయనకు ఎదురుగా చెప్పలేక ఇక్కడ వ్రాసుకుంటున్నాము. ఆయన ఈ పత్రిక చదువుతారు.

ఇది వ్రాస్తున్న సాయంత్రం మళ్ళీ వాయవ్యపు మూల మెరుస్తున్నది. దుమ్ముగాలి మొదలైంది. సూచనలో ఈసారి కూడా రెండు వాక్యాలు ఉన్నాయి: రేపు ఉరుములు, ఎల్లుండినుంచి వేడి. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని సామెత. రోహిణి ఇంకా ముందున్నది. మెరుపుల మధ్యనే పట్టీలోని పెద్దవారికి రేపటి ఫోను ఎవరు చేయాలో పంచుకున్నాము. మీ మీ ఊళ్ళలో, మీ మీ సంఘాలలో ఏమేమి పద్ధతులు పెట్టుకున్నారో మాకు వ్రాయండి. మృగశిర చినుకులు పడ్డాక, వచ్చే సంచికలో, వాటిని అచ్చువేస్తాము.